తొలి ఆటకే తీర్పు!

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌... మూడూ కలిపినా తీరిగ్గా నడుస్తూ చుట్టిరాగలిగేంత దూరమే. కానీ కొత్తగా వచ్చినవాణ్ని అంచనా వేయడంలో ఒక్కో వీధిది ఒక్కో లెక్క. ఒకచోట ఇంటర్వెల్‌కే తేల్చేస్తారు. ఇంకోచోట ప్రధాన కీర్తన దాకా ఆగుతారు. మరోచోట ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. మరి ఐపీఎల్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడిన కుర్రాణ్ని ఏ లెక్కతో కొలవాలి?

ఏప్రిల్‌ నెల. రాత్రి ఎనిమిదవుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో టీకొట్టు ముందు నలుగురు నిలబడ్డారంటే ఒకరి ఫోన్‌లోనైనా మ్యాచ్‌ నడుస్తుంటుంది. మిగిలిన ముగ్గురి తలలూ దాని మీదే వాలి ఉంటాయి. క్రీజులోకి ఓ కొత్త కుర్రాడు వస్తాడు. మొన్నటిదాకా పేరు కూడా విన్నది లేదు. రెండో బంతికే సిక్స్‌ కొడతాడు.

'అబ్బ... ఏం కొట్టిండన్నా! ఇండియా టీమ్‌ల పక్కా' అంటాడొకడు.

అయిదో బంతికి కుర్రాడు ఔట్‌!

'నే చెప్పలే? ఒక్క షాటే వచ్చు వానికి' అంటాడు ఇంకొకడు.

గ్లాసులో టీ సగం కూడా అవ్వలేదు. ఈలోపే కుర్రాడి జాతకం రెండుసార్లు రాసేశారు. ఆ మాటకొస్తే ఈ కూడలికి ఇది కొత్తేం కాదు. తొలి ఆటకే తీర్పు చెప్పడమన్నది ఇక్కడి గాలిలోనే ఉంది!

శుక్రవారం లెక్క

సినిమావాళ్లకు 'క్రాస్‌రోడ్స్‌' అంటే చాలు, ఏ ఊరని అడగరు. సంధ్య, సుదర్శన్‌, దేవి లాంటి హాళ్లు కూతవేటు దూరంలో వరుసగా ఉంటాయి. ఊరంతా మల్టీప్లెక్సులు వచ్చినా, 2020లో నెత్తి మీద మెట్రో రైలు పరుగు మొదలైనా, 2023లో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ వరకూ ఉక్కు వంతెన కట్టినా... పెద్ద సినిమా విడుదలైన రోజు మాత్రం కింద రోడ్డు మీద సందడి సందడే. కటౌట్లు, పూలదండలు, డప్పులు. మొదటి ఆట వదిలే వేళకు గేటు దగ్గర మైకులు సిద్ధం. 'ఎలా ఉంది?' అన్న ప్రశ్నకు రెండు మూడు ముక్కల్లో జవాబు. హిట్టు... ఫట్టు... యావరేజ్‌! అంతే, సాయంత్రానికల్లా ఆ మాట జిల్లాలు దాటేస్తుంది.

సినిమాకు ఆ లెక్క సరిపోతుందేమో. ఎందుకంటే శుక్రవారం చూసిన సినిమానే శనివారమూ ఉంటుంది. అందులో హీరో రాత్రికి రాత్రి కొత్త డ్యాన్సు నేర్చుకుని ఆదివారం ఆటలో వేయడు. కానీ ఆటగాడు అలా కాదు. ఇవాళ షార్ట్‌బాల్‌కు ఔటైనవాడు రేపు నెట్స్‌లో వంద షార్ట్‌బాల్స్‌ ఆడతాడు. అటు బౌలర్లూ ఊరుకోరు. ఇవాళ సిక్స్‌ కొట్టిన షాట్‌ను వీడియోలో పదిసార్లు చూసి, వచ్చే మ్యాచ్‌లో ఆ చోట ఫీల్డర్‌ని పెడతారు. తీసి డబ్బాలో పెట్టేసిన సినిమాకు వాడే కొలబద్దను ఇంకా తయారవుతున్న మనిషికి వాడితే ఎలా?

మన కుర్రాళ్లే సాక్ష్యం

తొలి అంకెలు ఎంత నిజం చెబుతాయో, ఎంత దాస్తాయో తెలుసుకోవాలంటే ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్‌ ఆటగాళ్ల కథలు చాలు.

మహ్మద్‌ అజారుద్దీన్‌నే తీసుకోండి. 1984 డిసెంబరు 31న మొదలైన కోల్‌కతా టెస్టుతో ఇంగ్లండ్‌పై అరంగేట్రం. 110 పరుగులు. తర్వాత చెన్నైలో 105, కాన్పూర్‌లో 122. తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు... ఇప్పటికీ ఇంకెవరికీ సాధ్యం కాని రికార్డు అది. మొదటి ఆటకే 'హిట్టు' అన్నవాళ్ల మాట నిలబడింది. 99 టెస్టులు ఆడాడు, భారత జట్టుకు సారథీ అయ్యాడు.

మరి వీవీఎస్‌ లక్ష్మణ్‌? 1996 నవంబరులో అహ్మదాబాద్‌ టెస్టులో దక్షిణాఫ్రికాపై 11, 51. ఆ తర్వాత అలవాటులేని ఓపెనర్‌ స్థానంలో దింపారు. జట్టులోకి రావడం, పోవడం! మూడేళ్లకు పైగా అదే వరస. 2000 జనవరిలో సిడ్నీలో 167 కొట్టేదాకా తొలి టెస్టు సెంచరీయే లేదు. 2001 మార్చిలో ఈడెన్‌గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాపై 281 గురించి చెప్పేదేముంది! 2012లో ఆట చాలించేసరికి 134 టెస్టులు, 8,781 పరుగులు. 1999లోనే 'ఫట్టు' అని ముద్ర వేసి పంపేసి ఉంటే?

అంబటి రాయుడిది దీనికి తిరగేసిన కథ. 2002లో పదిహేడేళ్ల వయసులో రంజీ మ్యాచ్‌లో ఆంధ్రపై ఒక ఇన్నింగ్స్‌లో 210, రెండో ఇన్నింగ్స్‌లో 159 నాటౌట్‌. ఇక రేపోమాపో భారత జట్టులో అనుకున్నారంతా. ఆ 'రేపు' రావడానికి పదకొండేళ్లు పట్టింది. 2013లో జింబాబ్వేలో తొలి వన్డే ఆడి 63 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు.

ఇక మహ్మద్‌ సిరాజ్‌. ఆటోడ్రైవర్‌ కొడుకు. 2016-17 రంజీ సీజన్‌లో 41 వికెట్లు తీసి, ఐపీఎల్‌ వేలంలో 2.6 కోట్లు పలికాడు. 2017 నవంబరు 4న రాజ్‌కోట్‌లో న్యూజిలాండ్‌తో తొలి అంతర్జాతీయ టీ20. నాలుగు ఓవర్లు... 53 పరుగులు... ఒక్క వికెట్‌! 2019 ఐపీఎల్‌లో కోల్‌కతాతో మ్యాచ్‌లో రెండు బీమర్లు పడటంతో బౌలింగ్‌ నుంచే తప్పించారు. తండ్రితోపాటు ఆటో నడుపుకోమని కొందరు ఎగతాళి చేశారని సిరాజే తర్వాత చెప్పుకొచ్చాడు.

ఆ ఎగతాళి చేసినవాళ్లు చూడనిది ఒకటుంది. 2018లోనే ఇండియా-ఎ తరఫున ఆస్ట్రేలియా-ఎపై ఒకే ఇన్నింగ్స్‌లో 8 వికెట్లు తీశాడు. ఎర్ర బంతితో రోజంతా వేయడమే అతడి బలం. లోకం చూసింది మాత్రం నాలుగు ఓవర్ల తెల్ల బంతిని. 2020 చివర్లో ఆస్ట్రేలియా పర్యటనలో ఉండగానే తండ్రి కన్నుమూశారు. అయినా జట్టుతోనే ఉండిపోయాడు. మెల్‌బోర్న్‌లో టెస్టు అరంగేట్రం, 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో అయిదు వికెట్లు. 2023 ఆసియాకప్‌ ఫైనల్లో శ్రీలంకపై 21 పరుగులకే 6 వికెట్లు. 2025 ఆగస్టులో ఓవల్‌ టెస్టు చివరి ఇన్నింగ్స్‌లో మళ్లీ అయిదు వికెట్లు. ఆ మ్యాచ్‌ భారత్‌ గెలిచింది 6 పరుగుల తేడాతో!

నలుగురూ ఒకే ఊరివాళ్లు. తొలి అడుగులు నాలుగు రకాలు. ఆ అంకెలొక్కటే పట్టుకుని వాళ్లకేం జరగబోతోందో చెప్పగలిగేవారా?

అమెరికాలోనూ ఇదే గోల

ఈ వీధుల్లో చాలా ఇళ్లలో పిల్లలు అమెరికాలో ఉంటారు. అక్కడ సెప్టెంబరు వచ్చిందంటే వాళ్ల ఫోన్‌ కబుర్లలో ఓ కొత్త మాట దొర్లుతుంది. క్వార్టర్‌బ్యాక్‌! అమెరికన్‌ ఫుట్‌బాల్‌లో జట్టును నడిపించేది అతడే. ప్రతి ఎత్తుకూ బంతి ముందుగా అతడి చేతికే వస్తుంది. ప్రత్యర్థులు మీద పడి పడగొట్టేలోపు, రెండు మూడు సెకన్లలో, ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. ఇప్పుడు ఒక్కో జట్టు సీజన్‌లో ఆడేది 17 లీగ్‌ మ్యాచ్‌లే. అందుకే కొత్త క్వార్టర్‌బ్యాక్‌ వచ్చాడంటే మూడో వారానికే 'వీడు పనికొస్తాడా, రాడా' అని దేశమంతా పంచాయితీ. అచ్చం మన క్రాస్‌రోడ్స్‌ టీకొట్టే!

ఆ ఆట మనవాళ్లకు పూర్తిగా అపరిచితమేం కాదు. 2012లో ఎలైట్‌ ఫుట్‌బాల్‌ లీగ్‌ ఆఫ్‌ ఇండియా అంటూ మొదలైతే అందులో హైదరాబాద్‌ స్కైకింగ్స్‌ పేరుతో ఓ జట్టూ ఉండేది. ఆ సరదా ఇక్కడ వేళ్లూనుకోలేదు కానీ... ఆ ఆట చెప్పే ఓ పాత కథ మాత్రం అందరికీ పనికొస్తుంది.

1998లో అమెరికా జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు మొదటి పేరు పేటన్‌ మానింగ్‌, రెండో పేరు రయాన్‌ లీఫ్‌. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌లే. ఇద్దరిలో ఎవరు మేలన్నది అప్పట్లో పెద్ద చర్చ. సీజన్‌ మొదలైంది. లీఫ్‌ జట్టు తొలి రెండు మ్యాచ్‌లూ గెలిచింది. మానింగ్‌ జట్టు తొలి నాలుగూ ఓడింది. రెండో వారంలో తీర్పు చెప్పమంటే ఎవరైనా లీఫ్‌కే ఓటేస్తారు కదూ!

కానీ మూడో మ్యాచ్‌లో లీఫ్‌ 15 సార్లు బంతి విసిరితే సహచరుడికి చేరింది ఒక్కటే. ఆ తర్వాత కోలుకోలేకపోయాడు. 2002లో ఆటకే దూరమయ్యాడు. మానింగ్‌ మొదటి సీజన్‌ ఏమైనా గొప్పగా సాగిందా అంటే అదీ లేదు. 16 మ్యాచ్‌ల్లో 13 ఓటములు. అతడు విసిరిన బంతి 28 సార్లు ప్రత్యర్థుల చేతుల్లో పడింది. కొత్త క్వార్టర్‌బ్యాక్‌ల్లో అదో చెత్త రికార్డు. అయినా జట్టు అతణ్ని పక్కన పెట్టలేదు. 16 మ్యాచ్‌ల్లోనూ అతడితోనే ఆట మొదలుపెట్టించింది. మరుసటి ఏడాది అదే జట్టు 13 గెలిచి మూడే ఓడింది. మానింగ్‌ తర్వాత రెండు సూపర్‌బౌల్‌లు గెలిచి, 2021లో ఆ ఆట దిగ్గజాల జాబితాకెక్కాడు.

వర్ణం కాదు, కీర్తన వినాలి

మళ్లీ చిక్కడపల్లికి వద్దాం. సినిమా హాళ్ల సందడి నుంచి కాస్త లోపలికి నడిస్తే త్యాగరాయ గానసభ. అక్కడ తీర్పు చెప్పే పద్ధతే వేరు. కొత్త గాయని కచేరీ అనుకోండి. ముందు వర్ణం పాడుతుంది. గొంతు ఇంకా కుదురుకోదు. వేదిక భయం పోదు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన అప్పుడే పెదవి విరవడు. వర్ణమన్నది గొంతును సిద్ధం చేసుకోవడానికేనని ఆయనకు తెలుసు. రాగాలాపనలో ఏం చేస్తుందో చూస్తాడు. ప్రధాన కీర్తనకు నెరవల్‌, స్వరకల్పన వచ్చేదాకా ఆగుతాడు. ఎక్కడో తాళం తడబడినా, తర్వాతి ఆవర్తంలో సర్దుకుందా లేదా అన్నదే ఆయన లెక్క. తప్పు పాడిందా అన్నదానికంటే తప్పు తర్వాత ఏం చేసిందన్నదే ముఖ్యం.

క్రికెట్లో ఆ లెక్కకు సరిపోయే కుర్రాడు తిలక్‌ వర్మ. హైదరాబాద్‌లో ఓ ఎలక్ట్రీషియన్‌ కొడుకు. 2022లో ముంబయి జట్టు 1.7 కోట్లకు తీసుకుంది. తొలి మూడు మ్యాచ్‌ల్లో 22, 61, 38 నాటౌట్‌. ఆ ఏడాది ముంబయి వరసగా 8 మ్యాచ్‌లు ఓడింది. జట్టు ఓడుతుంటే కొత్తవాడి పరుగులు ఎవరికీ ఆనవు. అయినా సీజన్‌ ముగిసేసరికి 14 మ్యాచ్‌ల్లో 397 పరుగులు చేశాడు. 2023 ఆగస్టులో వెస్టిండీస్‌లో అంతర్జాతీయ అరంగేట్రం. 2024 నవంబరులో దక్షిణాఫ్రికాలో వరసగా రెండు టీ20 సెంచరీలు. 2025 సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియాకప్‌ ఫైనల్‌. పాకిస్థాన్‌పై 20 పరుగులకే మూడు వికెట్లు పడ్డాయి. అక్కణ్నుంచి 69 నాటౌట్‌తో కప్పు అందించాడు. ఓడుతున్న జట్టులో తొలి సీజన్‌ ఆడినవాడికి ఒత్తిడి కొత్తేం కాదు మరి.

రెండో సీజన్‌ పరీక్ష

మొదటి ఏడాది బాగా ఆడితే ఇక దిగుల్లేదా? అదీ కాదు. సన్‌రైజర్స్‌కు ఆడే విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్‌ రెడ్డిని చూడండి. 2024 ఐపీఎల్‌లో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి అవార్డు అందుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో మెల్‌బోర్న్‌ టెస్టులో 114 కొడితే స్టాండ్స్‌లో ఉన్న తండ్రి కంటతడి దేశమంతా చూసింది. 2025 ఐపీఎల్‌ వచ్చేసరికి పరుగులు 182కు తగ్గాయి. నిరుడు ఆకాశానికి ఎత్తినవాళ్లే 'అయిపోయింది' అనేశారు.

నిజానికి రెండో సీజన్‌లో పరీక్ష ఎదురవడం మామూలే. మొదటిసారి బౌలర్లకు కుర్రాడు కొత్త. రెండోసారికి అతడి వీడియోలు ప్రతి జట్టు దగ్గరా ఉంటాయి. ఏ బంతి ఆడలేడో, ఏ ఓవర్లో తొందరపడతాడో రాసిపెట్టుకుంటారు. దానికి అతడు కొత్త జవాబు వెతుక్కోవాలి. ఆ జవాబు దొరకడానికి ఒకరికి నెల పడుతుంది, ఇంకొకరికి ఏడాది.

నారాయణగూడ కోర్టులో...

చిక్కడపల్లి నుంచి నేరుగా కిందికి వస్తే నారాయణగూడ. ఇక్కడి వైఎంసీఏ పేరు చెబితే బాస్కెట్‌బాల్‌ గుర్తొస్తుంది. బాస్కెట్‌బాల్‌లోనూ క్వార్టర్‌బ్యాక్‌కు తమ్ముడిలాంటివాడు ఉంటాడు. పాయింట్‌ గార్డ్‌! బంతిని నేలకు కొడుతూ ముందుకు తెచ్చి, ఎవరికి అందించాలో నిర్ణయించేది అతడే. కొత్త పిల్లాడు కోర్టులోకి దిగితే గ్యాలరీలో ఉన్న నాన్న ఎన్ని బాస్కెట్లు వేశాడని లెక్కపెడతాడు. కోచ్‌ చూసేది మాత్రం వేరు. బంతి కొట్టేటప్పుడు తల దించుతున్నాడా, ఎత్తుతున్నాడా? ఎడమ చేయి వాడుతున్నాడా? పాస్‌ తప్పిపోతే అక్కడే నిలబడిపోయాడా, వెనక్కి పరుగెత్తాడా? ఇవేవీ స్కోరుబోర్డు మీద కనబడవు. రెండేళ్ల తర్వాత కనబడే అంకెలకు మూలాలు మాత్రం ఇవే.

అందుకే అంచనా వేయొద్దని ఎవరూ అనరు. ఆటగాళ్లను ఎంపిక చేయాలంటే అంచనా తప్పదు. కాకపోతే దేన్ని చూడాలో తెలియాలి.

నాలుగు మ్యాచ్‌లకు ఏం చూడాలి?

ఎవరి మీద: బలహీనమైన బౌలింగ్‌పై చేసిన 50 కన్నా గట్టి బౌలింగ్‌పై, కష్టమైన పిచ్‌ మీద చేసిన 25 ఎక్కువ చెబుతుంది.

ఎలా ఔటయ్యాడు: నాలుగుసార్లూ ఒకే తరహా బంతికైతే అది లోపం. నాలుగు రకాలుగానైతే చాలావరకు అదృష్టం కలిసిరాలేదనే.

ఏ స్థానంలో: ఓపెనర్‌ని ఆరో స్థానంలో దింపి పది బంతులిస్తే అతడి గురించి తెలిసేది తక్కువే.

పక్కవాళ్ల పాలెంత: బౌలర్‌ ఖాతాలో వికెట్‌ లేకపోవడానికి స్లిప్‌లో జారిన క్యాచ్‌ కారణం కావచ్చు. క్వార్టర్‌బ్యాక్‌ కింద పడటానికి ముందున్న రక్షణ వరస విఫలమవడం కారణం కావచ్చు.

రెండోసారి: ఒకసారి ఔట్‌ చేసిన బౌలరే మళ్లీ ఎదురైనప్పుడు ఏం చేశాడు? నేర్చుకుంటున్నాడో లేదో చెప్పేది ఇదే.

గ్రంథాలయం మెట్ల మీద

ఈ లెక్కలన్నీ ఆటగాళ్లకేనా? చిక్కడపల్లి, అశోక్‌నగర్‌ మధ్య ఉన్న సిటీ సెంట్రల్‌ లైబ్రరీకి వెళితే అలా అనిపించదు. పొద్దున్నే తలుపులు తెరిచేసరికే పుస్తకాల సంచులతో, టిఫిన్‌ డబ్బాలతో కుర్రాళ్లూ అమ్మాయిలూ వచ్చేస్తారు. కుర్చీ దొరకనివాళ్లు చెట్ల కిందే చదువుకుంటారు. చుట్టుపక్కల సందుల నిండా కోచింగ్‌ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్‌ దుకాణాలు, కర్రీ పాయింట్లు. ఎక్కడో పల్లెలో పొలం పని చేసుకునే నాన్న పంపిన డబ్బుతో నడిచే గదులు ఎన్నో.

వాళ్లకూ తొలి మ్యాచ్‌ ఉంటుంది. ప్రిలిమ్స్‌! అందులో పోతే చాలు... ఊళ్లో 'ఇంక ఎన్నాళ్లు?' అన్న ప్రశ్న మొదలు. కొన్నిసార్లు మ్యాచే రద్దవుతుంది. తెలంగాణ గ్రూప్‌-1 ప్రిలిమ్స్‌నే చూడండి. 2022 అక్టోబరులో జరిగిన పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి జరిగింది. ఈ మూడూ రాసినవాళ్లు ఈ సందుల్లో ఎంతమందో. అలాంటివాళ్లను మార్కుల అంకె ఒక్కటే చూసి 'వీడి వల్ల కాదు' అనేయడం, సిరాజ్‌ను రాజ్‌కోట్‌లో వేసిన నాలుగు ఓవర్లతో తేల్చేయడం లాంటిదే. ప్రిలిమ్స్‌లో తడబడినవాడి బలం మెయిన్స్‌లో వ్యాసం రాయడంలో ఉండొచ్చు. అతడిది ఎర్ర బంతి ఆట కావచ్చు!

అలాగని ప్రతి ఒక్కరూ మానింగే అవుతారని కాదు. లీఫ్‌లూ ఉంటారు. ఎన్నేళ్లు ఆగాలో, ఎక్కడ దారి మార్చుకోవాలో తేల్చుకోవడం ఏ ఇంటికైనా కష్టమే. ఆ నిర్ణయానికి పనికొచ్చేవి కూడా పైన చెప్పిన ప్రశ్నలే. గత ఏడాది ఏ పేపర్లో పోయింది? ఈసారి అదే పేపర్లో ఎంతొచ్చింది? తప్పు మారిందా, అదే తప్పు మళ్లీ జరిగిందా? రెండో ఏడు తప్పు మారితే ఇంకో అవకాశం ఇవ్వడానికి కారణం ఉన్నట్లే. మారకపోతే, అది కూడా కోపంతో కాకుండా పక్కన కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి.

మధ్యాహ్నం పూట లైబ్రరీలో పేపర్ల బల్ల దగ్గర ఓ కుర్రాడు ముందు ఉద్యోగ ప్రకటనల పేజీ చూస్తాడు. తర్వాత ఆటల పేజీ తిప్పుతాడు. నిన్న రాత్రి సున్నాకే ఔటైన కొత్త బ్యాట్స్‌మన్‌ను తర్వాతి మ్యాచ్‌కూ తుది జట్టులో ఉంచుతారా, లేదా? ఆ వార్త కోసం అతడు ఎందుకంత శ్రద్ధగా వెతుకుతాడో వేరే చెప్పాలా!